బొజ్జ, బొజ్జు, ఎముక: మన సీమ ఆడవారి ఒంటి చరిత్ర



మన బాగేపల్లి, చింతామణి వైపు ఒక మాట ఉంది. పెళ్ళయి ఇద్దరు బిడ్డలను కన్నాక ఆడమనిషి కాస్త ఒళ్ళు చేస్తే, "ఇప్పుడు గట్టిపడిందమ్మా" అంటారు. సన్నగా ఉంటే "గాలి వస్తే పడిపోయేట్టుంది" అంటారు. లావుకూ గట్టితనానికీ మనవాళ్ళు వేసిన ముడి అది. తెలుగులో బొజ్జ అంటే పొట్ట. కన్నడంలో బొజ్జు అంటే కొవ్వు. రెండు భాషలు మాట్లాడే మన జిల్లాలో ఈ రెండు మాటలూ పొద్దస్తమానం పక్కపక్కనే వినిపిస్తాయి. ఆ బొజ్జలో చేరిన బొజ్జుకూ లోపలి ఎముకకూ ఉన్న సంబంధాన్ని మనుషులు ఎలా తెలుసుకుంటూ వచ్చారో, అందులో మన సీమ కథ ఎంత ఉందో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

లావుగా ఉంటే ఎముక గట్టిది అన్నది మన అవ్వలు మాత్రమే నమ్మిన సంగతి కాదు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. దానికి కారణం ఉంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ అని ఒక పాత ఆసుపత్రి ఉంది. అక్కడ పనిచేసిన ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు 1941లో ఒక సంగతి స్పష్టంగా రాశాడు. ముట్లుడిగిన ఆడవారిలో వెన్నుపూసలు గుల్లబారి కుంగిపోవడం ఎక్కువగా కనిపిస్తోందనీ, అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ తగ్గిపోవడమే దానికి మూలమనీ ఆయన అన్నాడు. అంతవరకూ నడుం వంగడం ముసలితనంలో ఒక భాగమని అందరూ సరిపెట్టుకునేవారు. అదొక జబ్బు అనీ, దానికొక కారణం ఉందనీ తేలింది అప్పుడే.

ఆ తరువాత 1970ల ప్రాంతంలో ఇంకో సంగతి బయటపడింది. అండాశయాలు పని మానేశాక కూడా ఒంట్లోని కొవ్వు కొద్దిపాటి ఈస్ట్రోజన్‌ను తయారు చేస్తుంది. ఇంకేముంది, లావుపాటి ఆడవారికి ఎముకల రక్షణ ఉచితంగా దొరికినట్టే అనుకున్నారు. బరువు మోసే ఎముక బలపడుతుందన్న న్యాయం కూడా దీనికి తోడయింది. ఈ రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కానీ అందరూ కొవ్వు ఎంత ఉందని అడిగారు గాని, ఎక్కడ ఉందని అడగలేదు.

ఆ ప్రశ్న వేసినవాడు వేరే ఊర్లో ఉన్నాడు. ఫ్రాన్సు దేశంలో మార్సెయ్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడి వైద్యుడు జాన్ వాగ్ 1947లో, లావు రెండు రకాలని రాశాడు. ఒకటి తుంటి మీద, తొడల మీద చేరే లావు. రెండోది ఒంటి పైభాగంలో, పొట్ట దగ్గర చేరే లావు. చక్కెర జబ్బూ గుండె జబ్బూ రెండో రకంవారికే ఎక్కువగా వస్తాయని ఆయన గమనించాడు. ఆయన మాట చాలా ఏళ్ళపాటు పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. సి.టి. స్కాన్ వచ్చాక, 1980లలో జపానులోని ఒసాకా పరిశోధకులు పొట్టను అడ్డంగా చూసి చర్మం కింది కొవ్వు ఎంత, లోపల పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఎంత అని విడివిడిగా కొలిచారు. బయటికి ఒకేలా కనిపించే ఇద్దరిలో లోపలి కొవ్వు చాలా తేడాగా ఉంటుందని రుజువైంది.

ఎముకల వంతు 2010లో వచ్చింది. ఆల్‌బ్రైట్ పనిచేసిన ఆ బోస్టన్ ఆసుపత్రిలోనే మిరియం బ్రెడెల్లా అనే వైద్యురాలు, ఆమె సహచరులు కలిసి, ఇంకా ముట్లు ఆగని 50 మంది స్త్రీలను పరీక్షించారు. లోపలి పొట్ట కొవ్వు ఎక్కువ ఉన్నవారి వెన్నెముకలో ఖనిజ సాంద్రత తక్కువగా ఉంది. చర్మం కింది కొవ్వుకు మాత్రం అలాంటి సంబంధం కనబడలేదు. ఒకే ఆసుపత్రిలో సుమారు డెబ్భై ఏళ్ళ తేడాతో ఒక కథ రెండో మలుపు తిరిగింది. 50 మంది అంటే చిన్న లెక్కే. ఇది దానికి కారణమని ఒక్క పరీక్షతో తేల్చడానికి వీల్లేదు. తరువాత వచ్చిన పరిశోధనలు కూడా అన్నీ ఒకే మాట చెప్పలేదు. అయినా 2011లో, పది దేశాల్లో 60,000 మందికి పైగా ముట్లుడిగిన స్త్రీలను గమనించిన ఒక పెద్ద అధ్యయనం, లావుగా ఉన్నవారికి ఎముకలు విరగడం తక్కువేమీ కాదని చెప్పింది. మణికట్టు విరగడం తగ్గింది గాని, చీలమండ, తొడ ఎముక విరగడం ఎక్కువగానే ఉంది. లావు కాపాడుతుందన్న పాత ధీమా అక్కడితో సడలింది.

ఇది ఎలా జరుగుతుందో తేలిక మాటల్లో చెబుతాను. ఎముక లోపల మూలుగ ఉంటుందని మనకు తెలుసు. ఆ మూలుగలోని మూలకణం ఒకటే, అది ఎముక కట్టే కణమైనా కావచ్చు, కొవ్వు కణమైనా కావచ్చు. ఒకే పిండితో ముద్ద కట్టొచ్చు, రొట్టె తట్టొచ్చు. ముద్ద కట్టిన పిండి మళ్ళీ రొట్టె కాదు. వయసు పెరిగే కొద్దీ మూలుగలో కొవ్వు పాలు హెచ్చుతుంది, ఎముక పాలు తగ్గుతుంది. ఇక పేగుల చుట్టూ ఉన్న కొవ్వు ఊరికే పడి ఉండదు. ఒంట్లో సన్నని వాపును రేపే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. అవి ఎముకను అరగదీసే కణాలను ఎగదోస్తాయి. పొట్ట కొవ్వు పెరిగినవారిలో ఎముకకు కావలసిన పెరుగుదల హార్మోను కూడా తగ్గుతుంది. ఎండవల్ల చర్మంలో తయారయ్యే విటమిన్ డి కొవ్వులో కరిగేది కనుక, కొవ్వు ఎక్కువ ఉన్న ఒంట్లో అది చాలావరకు అక్కడే ఉండిపోయి రక్తంలోకి తక్కువగా వస్తుంది.

ఇంతవరకూ పరదేశపు కథ. ఇక మన ఊళ్ళకు వద్దాం.

1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే దొర కుంపిణీ ప్రభుత్వం పంపగా మైసూరు సీమంతా తిరిగి, చూసినదల్లా రాసుకున్నాడు. కోలారు, చిక్కబళ్ళాపురం మీదుగానూ వెళ్ళాడు. ఈ మెరక సీమలో జనానికి అన్నిటికన్నా ముఖ్యమైన పైరు రాగి అని ఆయన రాశాడు. రాగులను నేలలో పాతరలు తవ్వి దాచేవారు. పురుగు పట్టని ధాన్యం కనుక ఏళ్ళ తరబడి నిలిచేది. రెండు మూడేళ్ళు వరుసగా వాన లేకపోయినా పాతర తీస్తే ముద్ద ఉడికేది. మన ముందు తరాలు కరువులు దాటి వచ్చింది ఆ పాతరల బలంతోనే.

ఆ ముద్దలో ఏముందో బుకానన్‌కు తెలియదు, వండే అవ్వకూ తెలియదు. తెలియడానికి ఇంకో నూటముప్పై ఏళ్ళు పట్టింది. నీలగిరి కొండల్లో కూనూరు అనే ఊరిలో రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల క్రమంగా పోషకాహార పరిశోధనలకు కేంద్రమైంది. ఆయన తరువాత వచ్చిన ఆక్రాయిడ్ 1937లో మన దేశపు తిండిగింజల విలువల పట్టికను అచ్చు వేయించాడు. ఆ పట్టిక తరువాత ఎన్నో ముద్రణలు పొందింది. కూనూరు సంస్థ 1950ల చివరలో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దాని లెక్కలో వంద గ్రాముల రాగిలో కాల్షియం 344 మిల్లీగ్రాములు. అదే వంద గ్రాముల బియ్యంలో సుమారు 10. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, రాయి మీద రాయి వేసి కట్టిన గోడ ఒకటి, ఇసుకతో కట్టిన గోడ ఒకటి అనిపిస్తుంది నాకు. ఈ పోలిక కొంచెం ఎక్కువే, ఒప్పుకుంటాను. రాగిలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం కూడా ఉంది కనుక, ఉన్నదంతా ఒంటికి పట్టదు. మొలకెత్తించి, ఆరబెట్టి, విసిరి చేసిన రాగిపిండిలో ఆ అడ్డు తగ్గుతుంది. బిడ్డలకు మన అవ్వలు కాచే రాగి సరి అలా చేసిందే.

ముద్ద ఒక్కటే ఎముకను కట్టలేదు. ముద్ద వెనుక ఉన్న పని కట్టింది. కోడి కూయకముందే విసుర్రాయి ముందు కూర్చుని రాగులు విసరడం, రోట్లో దంచడం, సేంద బావి నుంచి నీళ్ళు తోడి బిందె చంకన పెట్టుకుని, ఇంకో బిందె నెత్తిన పెట్టుకుని రావడం. ఎముక అనేది బరువు పడిన చోట బలపడే వస్తువు. ఆ రోజుల్ని తలచుకుని కన్నీళ్ళు పెట్టుకోవాలని నేను అనను. ఆ చాకిరీ ఆడవాళ్ళను అరగదీసింది కూడా. పిల్లపిల్లకూ ఎడం లేని కాన్పులు, కడుపులో బిడ్డకూ ఒళ్ళో బిడ్డకూ తల్లి ఒంటి నుంచే సున్నం పోవడం, అందరూ తిన్నాక అడుగున మిగిలిన సంకటి. ముద్ద మంచిదే. ఆ ముద్దలో ఆమెకు దక్కిన పాలు ఎంత అన్నదే అసలు ప్రశ్న.

తరువాత ముద్ద కూడా చిన్నదైంది. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. మైసూరు రాష్ట్రంలో లక్ష్మణయ్య అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు మన రాగినీ ఆఫ్రికా రాగినీ కలిపి ఇండాఫ్ అనే కొత్త రకాలను సృష్టించాడు. దిగుబడి పెరిగింది. ఆయనను జనం రాగి లక్ష్మణయ్య అనే పిలిచారు. అయితే రాగి ఎక్కువ పండడానికీ, రాగి ఎక్కువ తినడానికీ పొంతన కుదరలేదు. బోరుబావులు వచ్చాక చిక్కబళ్ళాపురం వైపు మల్బరీ, ద్రాక్ష, చింతామణి వైపు టమాటా, కూరగాయలు చేలను ఆక్రమించాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, మంచిదే. సరిహద్దు అవతల 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఇవతల 2013లో అన్నభాగ్య వచ్చింది. ఆకలి తీరింది, దానిని తక్కువ చేసి మాట్లాడేవారు ఆకలి తెలియనివారు. కానీ పెళ్ళిలో మాత్రమే అన్నం తిన్న ఇళ్ళలో మూడు పూటలా అన్నం వచ్చింది. ముద్ద తినడం బీదతనానికి గుర్తని పిల్లలు సిగ్గుపడిన రోజులు నాకు తెలుసు. ఇప్పుడదే రాగి బెంగళూరు పెద్ద దుకాణాల్లో అందమైన పొట్లాల్లో అమ్ముడుపోతోంది.

విసుర్రాయి స్థానంలో పిండిమర వచ్చింది. సేంద బావి స్థానంలో కొళాయి. ఇవి రాకూడదని ఎవరంటారు? చాకిరీ పోయింది, దాని స్థానంలో కదలిక రాలేదు, అంతే. కుట్టుమిషన్ ముందు ఒకరు, టీవీ ముందు ఒకరు, మాలాంటి ఉపాధ్యాయులైతే కుర్చీలో. చక్కెర, మైదా, నూనె చౌకగా దొరికాయి. నడుము చుట్టు కొలత పెరిగింది.

ఇందులో మన దేశస్థులకొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఒక ఫొటో 2004లో ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరికీ ఎత్తు-బరువు నిష్పత్తి సరిగ్గా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు నూటికి 9 పాళ్ళు, యాజ్ఞిక్‌కు 21 పాళ్ళు. చేతులు కాళ్ళు సన్నం, లోపల కొవ్వు. మన వీధుల్లో ఇలాంటివారు ఎంతమంది లేరు! తూకం మీద నిలబడితే "బరువు సరిగానే ఉంది" అని వస్తుంది. పొట్ట మాత్రం కొంగు చాటున దాగి ఉంటుంది.

ఎముకల సంగతి మన తెలుగువారిలో ఎలా ఉందో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు పరిశీలించి 2005లో ప్రచురించారు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలలో 30 నుంచి 60 ఏళ్ళ వయసున్న 289 మంది స్త్రీలను చూశారు. వారికి రోజుకు అందుతున్న కాల్షియం సగటున సుమారు 270 మిల్లీగ్రాములు. ఎంత ఉండాలి? మన దేశపు సిఫారసు 2010లో 600, 2020లో పెద్దవారికి 1,000. ముట్లుడిగిన వారికి 1,200. తుంటి దగ్గర ఎముక గుల్లబారినవారు ఆ స్త్రీలలో నూటికి ఇంచుమించు 29 మంది. మనకు ఇంకా దగ్గర, తిరుపతిలో జరిగిన పరిశోధన 2007లో వచ్చింది. పల్లెల్లోనూ పట్నంలోనూ తిండిలో కాల్షియం తక్కువే, ఎండలో పొలం పని చేసేవారిలో కూడా విటమిన్ డి చాలామందికి చాలడం లేదు. ఎండకు కొదవలేని సీమలో ఇది చెప్పుకోవలసిన విడ్డూరం.

హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చి చూసిన ప్రయోగం ఒకటుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక వారి ఎముకలను కొలిచారు. చిన్నప్పుడు తిన్న అదనపు తిండికన్నా, పెద్దయ్యాక ఒంట్లో ఉన్న కండ, బరువు పడేలా చేసే శ్రమ ఎముక బలంతో ఎక్కువ ముడిపడి ఉన్నాయని తేలింది. కొవ్వు కాదు, కండ. మన అవ్వలు "ఒళ్ళు" అన్న ఒక్క మాటలో కలిపేసిన రెంటినీ విడదీసిన ఫలితం ఇది.

మన జిల్లాకు ఉన్న ఇంకో మెలిక నీళ్ళది. నందికొండల్లో పుట్టిన చిత్రావతి, పాపాగ్ని, పినాకిని మన నేల మీదుగా పేరుకు మాత్రం పారతాయి. చెరువులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ నీళ్ళలో ఫ్లోరైడు తలనొప్పిగా మారింది. బాగేపల్లి, గుడిబండ, చింతామణి పల్లెల్లో పళ్ళ మీద పసుపుపచ్చ, గోధుమరంగు చారలు చూడని ఉపాధ్యాయుడు ఉండడు. ఈ జబ్బును మన దేశంలో మొట్టమొదట గుర్తించింది తెలుగు నేల మీదే. అప్పటి నెల్లూరు జిల్లాలో జనాన్ని పరీక్షించి షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. నల్లగొండ కథ మీకు తెలిసిందే. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే పోషకాహార సంస్థ వైద్యులు, ఫ్లోరైడు సీమల్లో కుర్రవాళ్ళకు మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్నీ, దానితోపాటు ఎముక గుల్లబారడాన్నీ లోకానికి తెలిపారు. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడు మరింత కాటేస్తుంది.

ఈ నీటి కథను ఎందుకు తెచ్చానంటే, ఫ్లోరైడు ముదిరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది. చూసినవారు ఎంత గట్టి ఎముక అనుకుంటారు. అది పెళుసు. లావుపాటి ఒంటి సంగతీ, దట్టమైన ఎముక సంగతీ ఒకే తంతు. కనుక మన తాలూకాల్లో ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకున్నవారు, అంకె బాగుందని ఇంటికి వచ్చేయకుండా, ఏ ఊరి బోరు నీళ్ళు ఎన్నేళ్ళు తాగారో డాక్టరుకు చెప్పడం అవసరం.

అంత పెద్ద యంత్రం అందుబాటులో లేకపోయినా దర్జీ టేపు అందరికీ అందుతుంది. బొడ్డుకు కాస్త పైన, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక అంచుకూ నడుమ, ఊపిరి వదిలిన తరువాత కొలవాలి. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు గీసిన గీత. రెండోది, గోడకు ఆనుకుని ఎత్తు కొలుచుకోవడం. పెళ్ళినాటి ఎత్తుకన్నా రెండు అంగుళాలు తగ్గిన అవ్వ, "కాలం వంచేసింది" అనుకుంటుంది. ఆమె వెన్నుపూస ఏదో చప్పుడు లేకుండా కుంగి ఉండొచ్చు. మా వీధిలో ఒక పెద్దావిడ, భారీ మనిషి, పెరట్లో తడి రాయి మీద జారి తుంటి విరిగి మంచాన పడింది. "ఇంత గట్టి మనిషికి ఎట్లా విరిగిందో" అని చూడవచ్చిన ప్రతివారూ ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం వల్లే ఆమెను అంతకుముందు ఎవరూ పరీక్షకు తీసుకువెళ్ళలేదు.

పొట్ట తగ్గాలని ఒక్కసారిగా కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు ఎముకా కండా కూడా కరుగుతాయి. ఉపవాసాల పేరుతో ఈ పొరపాటు మన ఆడవారిలో ఎక్కువ. నడక, మెట్లు, బరువు ఎత్తే పని, ముద్దతోపాటు పప్పు, పాలు, మజ్జిగ, ఆకుకూర, నువ్వులు. అన్నం మానేసి మూడు ముద్దలు తింటానంటే అదీ పిండిపదార్థమే, పొట్ట తగ్గదు. ముందే తుంటి, వెన్ను నొప్పులున్నవారు బరువులు ఎత్తేముందు వైద్యుని అడగాలి.

ఎముక పోగుపడే వయసు మాత్రం నలభైలు కాదు. ఎక్కువ భాగం పదేళ్ళ నుంచి ఇరవై దాటేలోపు చేరుతుంది. అంటే మా బడిలో ఉండే వయసు. ఎనిమిదో తరగతి దాటగానే ఆడపిల్లలు ఆటస్థలం వదిలి చెట్టు కింద కూర్చుంటారు. పదో తరగతి వచ్చేసరికి ఆటల పీరియడును లెక్కల మాస్టారు అడిగి తీసుకుంటారు. మన తొక్కుడుబిళ్ళలో, కన్నడంలో కుంటెబిల్లెలో, ఒంటికాలి మీద గంతులే. ఎముక మీద బరువు పడడానికి అంతకన్నా చౌకైన సాధనం లేదు. ఈ మధ్య మా తరగతి ఆడపిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు ఆ ఆట పెడుతున్నాం. ఆవరణకు సిమెంటు వేశాక బొగ్గుతో గీసిన గళ్ళు నిలవడం లేదు, సుద్దముక్కతో గీయాల్సి వస్తోంది. సుద్దముక్కల లెక్క ఇంతవరకూ ఎవరూ అడగలేదు.